అడితి సాయిబు గారి రాగి బాయిలరు

ఆకాశాలలో నివసిస్తూ కూడా మనుషుల పెంకుటిళ్ళ సంగతి పట్టించుకునే దేవునికి స్తోత్రం. ఆయన నామానికే మహిమ. మాకు ఇల్లు అమరడం ఎవరి తెలివి వల్లా కాదని ముందే చెప్పి ఈ సంగతి రాస్తున్నాను.

అరవయ్యో సంవత్సరం ప్రాంతం. నేనూ మా ఆయనా నరసరావుపేటలో మిషను బడి టీచర్లం. మేముంటున్న అద్దె ఇంటివాళ్ళ అబ్బాయికి పెళ్ళి కుదిరి, వానలు పడేలోగా ఖాళీ చెయ్యమన్నారు. నాకప్పుడు రెండో కాన్పు, ఏడో నెల. ఆ సమయంలో కట్టెల అడితి సాయిబు గారి పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. ఆయన మాచర్లలో కొత్త అడితి పెట్టుకుని కుటుంబంతో అక్కడికి వెళ్ళిపోతున్నారు. మేము చూసిన ఇళ్ళలో మాకు అందేది అదొక్కటే.

ఆయన మూడు వేల రెండొందలన్నారు. మా ఆయన ఇంటికి మూడు వేలన్నారు. మా పొదుపూ, మా నాన్న నాదెండ్లలో చిన్న చెక్క పొలం అమ్మి ఇచ్చిందీ కలిపితే అంతే.

తేడా అంతా బాయిలరు దగ్గర వచ్చింది. స్నానాల గదిలో ఛాతీ ఎత్తు రాగి బాయిలరు ఉండేది. మధ్యలో పొగగొట్టం, కింద కట్టెలు పెట్టే నోరు, పక్కన ఇత్తడి కుళాయి. అదొక్కటే రెండొందలు చేస్తుందని, ఇంటితో పాటు వదిలేసి పోతున్నానని సాయిబు గారు అందరితో అనేవారు. నిజానికి దాని అడుగుకు మాట్లు పడ్డాయి. వేడంతా గొట్టం గుండా పైకి పోయేది. మోపులో సగం కట్టెలు తింటే గాని రెండు బిందెల నీళ్ళు కాగేవి కావు. అడితి సొంతం కనుక ఆయనకు ఆ బాధ తెలియలేదు. కట్టెలు కొనుక్కునే మాకు తెలుసు.

అక్కడే బేరం బిగుసుకుంది. మా ఆయన సంఘ పెద్ద. ఒక ధర చెప్పి ఇంకొకటి ఇవ్వడం అబద్ధమాడినట్టేనని ఆయన నమ్మకం. బజారులో వంకాయలకు కూడా బేరమాడేవారు కాదు. మూడు వేలు మొదటి మాటేననుకున్న సాయిబు గారు, ఇంకా పెరుగుతారని చూసి చూసి, ఒక శుక్రవారం మసీదు దగ్గర నలుగురి ముందు ఒట్టు పెట్టేశారు, పైసా తగ్గనని. ఈయన మాట దాటరు, ఆయన ఒట్టు దాటరు. పడమట మబ్బులు పట్టడం మొదలైంది.

ఒక పొద్దున నేనే వాళ్ళింటికి వెళ్ళాను. సాయిబు గారి భార్యను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె కళ్ళు తుడుచుకుంటూ బాయిలరు కింద మంట ఊదుతోంది. కుళాయి తిప్పి చూస్తే నీళ్ళింకా చల్లగానే ఉన్నాయి. అరుగు మీదున్న సాయిబు గారి దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్, మీ ఒట్టు తప్పొద్దు. మీ ధరకే కొంటాం. కానీ ఆ బాయిలరు మాకొద్దు. మీరన్న రెండొందలకి మీరే కొనుక్కుని మాచర్ల తీసుకపోండి."

"ఆ డొక్కుకి రెండొందలు ఎవడిస్తాడమ్మాయ్?" అని ఆయన నోరు జారారు.

లోపలి నుంచి పిన్ని అందుకుంది. "నెల్లాళ్ళ నుంచి రెండొందలు, రెండొందలని ఊరంతా చాటింది ఎవరంట? కొనండి. మాచర్లలో కూడా నాకు పొగ పెడుదురుగాని."

ఆయన గడ్డం నిమురుకుని నవ్వారు. "సరేలే. మీ ఆయన మాటా నిలబడుద్ది, నా ఒట్టూ నిలబడుద్ది. పోయి చెప్పు."

మా ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఇది దేవుని ముందు వేషం కాదా అని అడిగారు. ఇద్దరం మోకరించాం. లేచాక ఆయన అన్నదొక్కటే: చేస్తే నిజంగా చెయ్యాలి, నోటి లెక్కగా కాదు. పాస్టరు గారి దగ్గర రెండు వందలు ఒక పూటకు చేబదులు తెచ్చారు. ఇంటికి తానన్న మూడు వేలూ, బాయిలరుకు సాయిబు గారన్న రెండొందలూ సాక్షుల ముందు ఆయన చేతిలో పెట్టారు. సాయిబు గారు అందులోంచి రెండొందలు తీసి, బాయిలరు కొంటున్నానని చెప్పి తిరిగి ఇచ్చారు. సాక్షులు నవ్వుకున్నారు గాని వాళ్ళిద్దరూ నవ్వలేదు. మర్నాడు బాయిలరు ఎడ్లబండి ఎక్కింది.

దాని చోట మూడు రాళ్ళు పెట్టి కాగు ఎక్కించాం. మా రెండోవాడి మొదటి స్నానం ఆ నీళ్ళతోనే.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, తల దాచుకునే చోటు కోసం ఈ రోజు తిరుగుతున్నవాళ్ళను జ్ఞాపకం చేసుకో. మంచి మనసుండీ మాట దగ్గర చిక్కుకుపోయినవాళ్ళకు, ఎవరూ తల దించుకోనక్కర్లేని దారి చూపించు. మాచర్ల వెళ్ళిన ఆ కుటుంబాన్ని, వాళ్ళ బిడ్డల బిడ్డలను దీవించు. ఆమెన్.