మా సందు చివరి గోడ

మొన్న బోనాల ఆదివారం ఛత్రినాకలోని మా పాత ఇంటికి ఆటోలో వెళ్తుంటే, డ్రైవరు సందు చివరిదాకా పోనిచ్చి గోడ ముందు ఆపాడు. "ఏంది బాపు, గుడి గీడికెల్లే కనవడ్తుంది, తొవ్వ లేదా? గోడ ఎవలు వెట్టిన్రు?" అని అడిగితే, తెలియదన్నాను. ఆ గోడ పెట్టించింది మా నాన్న.

డెబ్బైల మొదట్లో మన పాతబస్తీ సందులు ఎలా ఉండేవో నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎటు దూరినా ఎక్కడో ఒకచోట తేలేవాళ్లం. మా సందు కూడా ఒకవైపు బజారులోకి, మరోవైపు పాలవాళ్ల కొట్టాల మీదుగా అమ్మవారి గుడికి పోయేది. సర్కారు కార్ఖానాలో పనిచేసే నాన్న ఇంటికి కొత్తగా సున్నం వేయించుకుని, తెల్లారేసరికి బర్రెలు దానికి ఒళ్లు రుద్దుకుని పోవడం చూడలేక, ఆ ఎండాకాలం సందు చివర గోడ లేపాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అప్పుడే మలక్‌పేటలో గుమాస్తాగా చేరిన నేనైతే, ఇక చెప్పులకు పేడ అంటదని డైరీలో సంతోషంగా రాసుకున్నాను.

బోనాలు వచ్చేదాకా గుడి దారి సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ ఆదివారం అమ్మ వేపకొమ్మలు కట్టి, పైన దీపం పెట్టిన బోనం కుండ నెత్తికెత్తుకుని ఆడవాళ్లందరికీ ముందు నడిచింది. డప్పులవాళ్లు ప్రతి ఏడూ పోయే అలవాటుకొద్దీ వరుసను నేరుగా గోడ ముందుకు తీసుకుపోయి ఆగిపోయారు. ఎత్తిన బోనం అమ్మవారి ముందే దించాలి, నడుమ దించకూడదు. వెనక నుంచి మా మేనత్త, నాన్నకు స్వయానా అక్క, "ఏందే మరదలా, మా తమ్ముడు అమ్మోరిని గూడ బర్రె అనుకున్నడా?" అనేసరికి అందరూ గొల్లుమన్నారు. అమ్మ నవ్వలేదు. కుండ కదలకుండా మెల్లగా వెనక్కి తిరిగి, వాకిట్లో నిలబడ్డ నాన్న వైపు చూడకుండానే ఆయనను దాటి, పెద్దరోడ్డు మీద బస్సుల నడుమ చుట్టుతిరిగి గుడి చేరింది. అప్పటికే గాలికి దీపం ఆరిపోయింది. వెంట నడిచిన నేను తలెత్తలేకపోయాను.

మరునాడు పొద్దున్నే నాన్న గడ్డపార పట్టుకుని బయలుదేరాడు. అటువైపు వెళ్లి చూస్తే, పాలవాళ్లు మా గోడనే ఆసరా చేసుకుని రేకుల గది వేసుకున్నారు. లోపల బాలింత పడుకుని ఉంది. ఆ ఇంటి పెద్దాయన నాన్నతో, "నువ్వు గోడ వెడ్తివి, మేం నీడ జేస్కుంటిమి. ఇప్పుడు కూలగొడ్తనంటే ఎట్లనే అన్నా?" అన్నాడు, కోపంగా కూడా కాదు. నాన్న గడ్డపార భుజాన వేసుకుని తిరిగొచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మ మళ్లీ ఏ ఏడూ బోనాల వరుసలో ముందు నడవలేదు.

ఇప్పుడు ఆ గది చోట మూడంతస్తుల ఇల్లుంది. ఊరు చాంద్రాయణగుట్ట దాటి ఎటో పోయింది, పైవంతెన మీద బండ్లు ఎక్కడా ఆగకుండా పోతున్నాయి, మా సందు నుంచి గుడికి మాత్రం ఇంకా చుట్టే. ఆటో వెనక్కి తిప్పుతుంటే బోనాలెత్తుకున్న ఆడపిల్లలు ఇళ్లలోంచి బయటికొచ్చి, గోడ వైపు చూడనైనా చూడకుండా, పెద్దరోడ్డుకేసి నడిచిపోయారు. అక్కడొక దారి ఉండేదని వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు. నేనూ చెప్పలేదు.