నాలుగా, ఎనిమిదా

నా చిన్నప్పుడు మేము బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా యార్డుకు దగ్గరగా ఉన్న రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. మా వరసలో ఇళ్ళన్నీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళవే, చివరి రెండింటిలో మాత్రం బెంగాలీలు ఉండేవారు. ఆ ఇళ్ళ పిల్లలతో ఆడి ఆడి నాకు బెంగాలీ మాట్లాడడం వచ్చేసింది. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు కూడా కూడబలుక్కున్నాను. మా వరసలో బెంగాలీ చదవగలిగిన తెలుగు పిల్లను నేనొక్కదాన్నే. నేల మీద కాలు నిలవకపోవడానికి పదకొండేళ్ళ పిల్లకు ఆ మాత్రం చాలు.

మా పక్కింటి అక్కకు తల్లి లేదు, అన్నదమ్ములు లేరు. తండ్రి మా నాన్నతోపాటే వర్క్‌షాపులో పనిచేసేవాడు, మరుసటి ఏడు రిటైరవుతాడు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి. పిల్లల్లో ఎవరికైనా రైల్వేలో ఉద్యోగం దొరికితే మాత్రం ఆ ఇంటిని వాళ్ళ పేరున అడిగే వీలుండేది. అందుకని అక్క రైల్వే గుమస్తా ఉద్యోగాల పరీక్షకు దరఖాస్తు పెట్టింది. ఆమె వయసుకు అదే ఆఖరి అవకాశం. వాళ్ళమ్మ చేత్తో వేసిన మునగచెట్టు ఆ పెరట్లోనే ఉండేది. ఇల్లు పోతే అదీ పోతుందని వాళ్ళ నాన్న మా ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పుకుని బాధపడేవాడు.

పరీక్ష ఇంగ్లీషులోనే. కానీ అభ్యాసానికి దొరికిన పుస్తకం బెంగాలీది. వర్క్‌షాపులో అందరూ దాదా అని పిలిచే ఒక బెంగాలీ ఆయన, తను ఆ పుస్తకం చదివే పాసయ్యానని, మీ అమ్మాయికి ఇవ్వమని అక్కవాళ్ళ నాన్నకు అరువిచ్చాడు. అంకెల వరసలు, రైళ్ళ వేగాలు, తొట్లూ పంపులూ, మనుషులూ రోజులూ, ఇలాంటి ప్రశ్నలు ఎన్ని కావాలంటే అన్ని ఉండేవి అందులో. అక్కకు కూరల బేరానికి సరిపడా బెంగాలీ వచ్చు గానీ చదవడం రాదు. ఒక సాయంత్రం గోడ మీంచి నన్ను పిలిచింది.

"ఏటే, ఈ పుస్తకం నాకు సదివి సెప్తావేటి? నువ్వు సదివితే నాను లెక్క సేస్తాను."

కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. బడి నుంచి రాగానే వాళ్ళ వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. నేను ప్రశ్న చదివి తెలుగులో చెప్పేదాన్ని, ఆమె పలక మీద చేసేది, నేను పుస్తకం చివరి పేజీలు తిప్పి ఒప్పో తప్పో తేల్చేదాన్ని. నిజానికి వాటిలో సగం లెక్కలు నాకు రావు. జవాబులు చేతిలో ఉన్నప్పుడు లెక్కలు రావలసిన అవసరం లేదు కదా.

ఇక్కడే ఉంది అసలు సంగతి. మా తెలుగు బళ్ళో లెక్కలన్నీ ఇంగ్లీషు అంకెల్లోనే చేసేవాళ్ళం. బెంగాలీ అంకెలు నాకెవరూ నేర్పలేదు, ఊహతోనే పట్టుకున్నాను. బెంగాలీ నాలుగు చూడడానికి అచ్చం ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. అందుకని నేను దాన్ని ఎనిమిది అనుకున్నాను. వాళ్ళ అసలు ఎనిమిది మన కంటికి దేనిలాగానూ కనబడదు, కాబట్టి అది నాలుగే అయి ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఎవరినైనా అడిగితే పోయేది. అడిగితే నాకు రాదని తెలిసిపోదూ?

ఒకరోజు మనుషులూ రోజుల లెక్క వచ్చింది. పుస్తకంలో ఉన్నది, నలుగురు ఒక పని ఆరు రోజుల్లో చేస్తే ముగ్గురికి ఎన్ని రోజులు పడుతుందని. నేను ఎనిమిదిమంది అని చదివాను. అక్క పలక మీద వేసి పదహారు అంది. వెనక పేజీలో జవాబు ఎనిమిది. నేను దాన్ని నాలుగని చదివి, తప్పు అన్నాను.

అక్క పలక మీద లెక్కను మళ్ళీ మొదటి నుంచి వేసి చూసుకుంది. "మనుసులు తగ్గితే రోజులు పెరగాల కదే. ఆరుకి తక్కువ ఎలగొస్తాది?"

"పుస్తకంలో నాలుగే ఉంది" అన్నాను.

"అలగేటి" అంది నెమ్మదిగా. "అచ్చులో ఉన్నది తప్పవుద్దేటి. నాకే తెలీడం లేదు."

పలక తుడిచి, నాలుగు ఎలా వస్తుందో కనిపెట్టడానికి కూర్చుంది. నాకు బాగా గుర్తు, చీకటి పడేదాకా ఆ నాలుగు కోసం రకరకాలుగా భాగించింది, హెచ్చించింది. చివరికి ఏదో ఒక అడ్డదారిలో నాలుగు తెప్పించి, సరిపోయిందని నా వైపు చూసి నవ్వింది. నేను పెద్ద పంతులమ్మలా తల ఊపాను.

అలా నెలరోజులు నడిచింది. లెక్కలో నాలుగో ఎనిమిదో వస్తే చాలు, తప్పయ్యేది. నేను అంతటితో ఊరుకున్నా బాగుండేది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను మెచ్చుకుంటే ఉబ్బిపోయి, పక్కింటి అక్కకు మూడో తరగతి లెక్కలు కూడా రావని, నేను లేకపోతే గతి లేదని చెప్పాను. అందరూ నవ్వారు. అక్క బిందె పట్టుకుని వరసలో మా వెనకే నిలబడి ఉంది. బిందె నింపుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కూడా నన్ను పిలిచి పీట వేసింది.

పరీక్ష ఇంకా పది రోజులుందనగా మా అమ్మ నన్ను మిఠాయి కొట్టుకు పంపింది. అక్కడ గోడకు బెంగాలీ కేలండరు వేలాడుతోంది. కొట్టతను పొట్లం కడుతుంటే నేను ఊరికే అంకెలు చదువుకుంటూ పోయాను. ఒకటి, రెండు, మూడు. మూడు పక్కన నా ఎనిమిది కూర్చుని ఉంది. వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాను. ఏడు తర్వాతి గడిలో నా నాలుగు ఉంది.

"కీ దేఖ్‌ఛో, ఖుకీ?" అన్నాడు కొట్టతను, ఏం చూస్తున్నావు పాపా అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏమీ చూడడం లేదని పొట్లం లాక్కుని పరిగెత్తాను.

తెలియక చేసింది తప్పే, కానీ దాన్ని ఏ దేవుడైనా క్షమిస్తాడు. ఆ తర్వాత తెలిసి చేసినదాని గురించే నేనిది రాస్తున్నాను. నేను చెప్పలేదు. కుళాయి దగ్గర ఇప్పుడు నన్ను చూసి నవ్వుతారని భయపడ్డాను. ఇకనుంచి సరిగ్గా చదివితే సరిపోతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సరిగ్గానే చదివాను కూడా. కానీ అక్క అప్పటికే మారిపోయింది. సరైన జవాబు రాసి కూడా కొట్టేసేది. మరొకటి రాసేది. తర్వాత పలక మీద కాకుండా నా మొహంలోకి చూసేది, ఏది ఒప్పో అక్కడ రాసి ఉన్నట్టు. ఆ చూపును తప్పించుకోవడానికి నేను పుస్తకం పైకెత్తి పట్టుకునేదాన్ని.

పరీక్షకు తండ్రీ కూతుళ్ళిద్దరూ రైల్వే పాసు మీద కలకత్తా వెళ్ళి సాయంత్రం బండికి తిరిగొచ్చారు. నేను వరండాలోనే కాచుకుని ఉన్నాను. అక్క చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుంది.

"మనుసులూ రోజుల లెక్క వొచ్చిందే" అంది. "ముందు సరిగ్గానే రాసినాను. మళ్ళీ అనుమానం వొచ్చి కొట్టీసినాను. ఒకటి కాదు, సాలా కొట్టీసినాను. ఆ హాల్లో సూద్దామంటే నీ మొకం లేదు కదా."

ఆమె నిష్ఠూరంగా అనలేదు, నవ్వుతూనే అంది. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. కేలండరు సంగతీ, పది రోజులు దాచిన సంగతీ, కుళాయి దగ్గర మాటలూ. తిడుతుందనుకున్నాను, మా అమ్మకు చెబుతుందనుకున్నాను. ఆమె లేచి పలక తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆ నాలుగేదో రాయి" అంది. రాశాను. "ఎనిమిది." అదీ రాశాను. రెండింటినీ చాలాసేపు చూసింది. మునగచెట్టు కింద వాళ్ళ నాన్న కాళ్ళు కడుక్కుంటున్నాడు. గొంతు తగ్గించి అంది. "నాన్నకి సెప్పకు. తప్పు సదివినదానివి నువ్వే. కానీ మనుసులు తగ్గితే రోజులు పెరుగుతాయని నాకు తెలుసు కదే. తెలిసినదాన్ని సెరిపీసినది నా సెయ్యే."

నా తప్పులో సగం తను తీసుకుని, ఆ మిగిలిన సగంతో నన్ను ఇంటికి పంపింది. ఆ సగమే నేను మోయలేకపోయాను.

ఉద్యోగం రాలేదు. మరుసటి ఏడు వాళ్ళు క్వార్టరు ఖాళీ చేసి ఊళ్ళోనే మలంచా రోడ్డులో ఒక గది అద్దెకు తీసుకున్నారు. మంచాలు, బిందెలు రిక్షాలోకి ఎక్కిస్తుంటే నేను మా తలుపు వెనక నిలబడ్డాను, బయటికి రాలేదు. వాళ్ళ నాన్న వెళ్ళేముందు మునగచెట్టును చేత్తో తడిమి వెళ్ళాడని మా అమ్మ చెప్పింది. అక్క పిల్లలకు ట్యూషన్లు మొదలుపెట్టి, మొదటి కబురు నాకే పంపింది. వెళ్ళడానికి మొహం చెల్లలేదు. మా అమ్మ రెక్క పట్టుకుని తీసుకెళ్ళింది.

"నీకు జవాబులే వొచ్చు, లెక్కలు రావు. కూకో, నేర్పుతాను" అంది అక్క.

ఆరేళ్ళు ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఎప్పుడూ వెనక పేజీ చూడనిచ్చేది కాదు. జవాబు ఎంతని కాకుండా, ఎందుకు అంతే రావాలో ముందు చెప్పమనేది. నేను తప్పు చేస్తే తప్పు అనేది కాదు, ప్రశ్న మళ్ళీ చదవమనేది.

పెద్దయ్యాక నేనూ ఆ గుమస్తా పరీక్షే రాశాను. మొదటిసారికే వచ్చింది. ఆర్డరు పట్టుకుని మలంచా రోడ్డుకు వెళితే, అక్క దాన్ని రెండుసార్లు చదివి, నా నోట్లో పంచదార పోసింది. కొన్నాళ్ళకు నాకు క్వార్టరు కూడా ఇచ్చారు. దాని పెరట్లో మునగచెట్టు లేదు. ఉంటే ఆ ఇంట్లో ఉండగలిగేదాన్ని కాదేమో.

రిటైరై చాలా కాలమైంది. ఇప్పటికీ మా మనవరాలు లెక్క చేసి చూపిస్తే, తప్పు అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. ముందు ప్రశ్న నేను మళ్ళీ చదువుతాను. వేలు పెట్టి, ఒక్కొక్క అంకే చదువుతాను.