మామ తీర్పు, నా గడియారం

రేడియో ఉన్న ఇల్లు ఏదని అడిగితే నంద్యాలలో వీధి వీధంతా వేలు చూపించే రోజులవి. ఆ రేడియోలను విప్పి దుమ్ము దులిపే కొట్లో నేను కొత్తగా పనికి కుదిరాను. తుడవడం తప్ప పెద్దగా ఏమీ రాకపోయినా, ఆళ్లగడ్డలో మా మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం ఇంజనీరు లెవెల్లో మాట్లాడేవాణ్ణి. (మామకు అనుమానం ఉండేది. అత్తకు లేదు, అందుకే నా కంచంలో నెయ్యి ఎక్కువ పడేది.)

మామ పిల్లలు గుండు, చిన్ని. దారపు రీళ్లు చక్రాలుగా బిగించి కొయ్యకార్లు చేసుకుని, వసారాలో ఏటవాలుగా వేసిన బల్ల మీద నుంచి వదిలి పందేలు కట్టేవాళ్లు. తీర్పు మామది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే గుండు గెలిచాడనేవాడు. ఈసారి గెలిచినవాళ్లను నంద్యాలకు సినిమాకు తీసుకుపోతానని ఆయన అనడంతో చిన్ని నా దగ్గరికొచ్చింది. "బావా, నా కారే బేగా పోతాది. నాయన చూడనే చూడ్డు" అంది. ఏడ్చి ఉంటే ఓదార్చి ఊరుకునేవాణ్ణి. ఏడవలేదు. అన్నీ చూసే మిషను చేసుకొస్తానని మాటిచ్చేశాను.

నంద్యాల చేరాక గానీ ఆ మాట బరువు తెలియలేదు. కొట్టు యజమానిని బతిమాలి మూలపడ్డ టేబుల్ గడియారం, పాత కాలింగ్ బెల్లులోని అయస్కాంతం, బ్యాటరీలు సంపాదించాను. బల్ల పైన కారును ఆపి ఉంచే అడ్డుచెక్క ఎత్తగానే గడియారం నడవాలి, బల్ల కింది చివర పెట్టిన రేకును కారు తాకగానే కరెంటు పారి, అయస్కాంతం చిన్న కుంచెను లాగి, లోపల ఊగే చక్రాన్ని పట్టి ఆపేయాలి. వేళ్లు కాల్చుకుని, యజమానితో తిట్లు తిని, చివరికి సాధించాను.

ఆళ్లగడ్డలో ఇరుగుపొరుగంతా వసారాకు చేరారు. గుండు కారు వదిలాం. అది సగం దూరం వచ్చిందో లేదో, అత్త పెంచే కోడిపెట్ట ఎటు నుంచో వచ్చి రేకు మీద కాలు మోపింది. గడియారం టక్కున ఆగింది.

మామ పేపరు దించాడు. "కోడి గెల్చినాది. దాన్ని తీసకపోదునా సినిమాకు?"

నవ్వులకు నా చెవులు కాలిపోయాయి. అత్త కోడిని చంకన పెట్టుకుని లోపలికి తీసుకుపోయింది. మళ్లీ గుండు కారు వదిలాం, తర్వాత చిన్ని కారు. చిన్ని కారుకు సెకన్ల ముల్లు ముందే ఆగింది. మామ లేచి వచ్చి, నన్ను పక్కకు జరిపి, రెండు కార్లనూ తన చేత్తో వదిలి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నీదేనే పాపా" అన్నాడు నెమ్మదిగా. "ఇన్నాళ్లూ నేను సరిగా చూడలే." తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "బాగా చేసినావప్పా" అన్నాడు. మామ నోట నా గురించి మంచిమాట రావడం అదే మొదలు.

మర్నాడు నంద్యాల బస్సులో చిన్ని కిటికీ పక్కన, మామ దాని పక్కన. వాళ్ల వెనక సీట్లో నేను, ఒళ్లో నా మిషను. (పైన వేయమన్న కండక్టరుతో పోట్లాడాను.) నా పక్కన కూర్చున్న ముసలి రైతుకు అయస్కాంతం, కుంచె, రేకు, కారు తాకగానే ముల్లు ఆగడం, అన్నీ దారి పొడవునా వివరించాను. ఆయన ఓపిగ్గా విని, దిగబోతూ, "అంతా బాగుండాదప్పా. ఇంతకూ అది ఏ ఊరి కారు?" అన్నాడు.

ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. కొత్త వస్తువేదో ఒళ్లో పెట్టుకుని పక్క సీటు కుర్రాడు వివరించడం మొదలుపెడితే, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, దిగాల్సిన చోటు దాటిపోయినా, చివరిదాకా వింటాను.