రైసుమిల్లు డ్రైవరు భుజం

1961లో నేను కొడవలూరు దగ్గర ఒక రైసుమిల్లులో గుమాస్తాను. బస్తాల లెక్కలతో పాటు పనివాళ్ల ఇన్సూరెన్సు వ్యవహారం కూడా నా నెత్తినే ఉండేది. చట్టం కాస్త చదువుకున్నాను, వాదించే నోరూ ఉంది. యజమాని ఆ పని ఇంకొకరికి ఇస్తానన్నా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలన్నది చట్టం. మా యజమాని ఆ బరువును ఒక ఇన్సూరెన్సు కంపెనీ మీద పెట్టి ఏటా ప్రీమియం కట్టేవారు. మనిషి మంచాన ఉన్నంతకాలం సగం జీతం లెక్కన ముట్టేది. గాయం మానాక కూడా ఒంట్లో లోపం మిగిలిపోతే దాన్ని పర్మనెంట్ పార్షియల్ డిజేబుల్‌మెంట్ అంటారు, అంటే బతికినంతకాలం ఉండే కొంత అవిటితనం. వేలు తెగితే ఇంత అని చట్టంలోనే పట్టిక ఉంది. కీలు బిగుసుకుపోవడం లాంటివి ఆ పట్టికలో లేవు. వాటికి డాక్టరు పరీక్షించి, ఈ మనిషికి సంపాదించే శక్తి ఎంత తగ్గిందో చెప్పాలి. వచ్చేదంతా ఆ మాట మీదే ఆధారపడుతుంది.

మా డ్రైవరు దేవసహాయం కుడిచేతిని ఒకనాడు బెల్టు లాగేసింది. నెల్లూరు ఆసుపత్రిలో ఎముక అతికింది గానీ చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. గాయం మానింది కాబట్టి సగం జీతం ఆగిపోయింది. పట్నం నుంచి వచ్చిన కంపెనీ డాక్టరు చూసి, సంపాదనకు పెద్ద నష్టమేమీ లేదని తేల్చాడు. అదే ఖాయమైతే దేవసహాయానికి పనీ లేదు, పరిహారమూ లేదు. ఇంట్లో సంపాదించేవాడు అతనొక్కడే.

నాకు ఒళ్లు మండింది. అతన్ని కూర్చోబెట్టి అడిగాను.

"డాక్టరు నిన్ను ఏమడిగినాడన్నా?"

"చక్రం తిప్పగలవా అన్నాడు. తిప్పతానని చెప్పినా."

"ఏ చక్రం?"

"మన షెల్లరు చక్రమే గదా, ఇంకేం ఉండాది? అది నడుమెత్తులో ఉంటది, దానికేం."

"ఇంకా?"

"కూర్చోని పని చేసేదానికి ఇబ్బందా అన్నాడు. ఇబ్బందేంది అన్నా. నేనెప్పుడు కూర్చున్నానని అడిగినాడో మరి."

నాకు నవ్వాగలేదు. మా వైపు మిల్లు నడిపేవాణ్ణి డ్రైవరు అంటాం. ఇంజను, షెల్లరు, బెల్టులు అన్నీ అతని చేతిలోనే ఉంటాయి. వడ్ల పొట్టు తీసే షెల్లరుకు రాళ్ల మధ్య ఎడం సరిచేసే చిన్న చక్రం ఉంటుంది. దేవసహాయం దాని గురించి చెప్పాడు. డాక్టరు మాత్రం లారీ స్టీరింగు గురించి విన్నాడు. లారీ తోలడానికి చెయ్యి భుజం పైకి ఎందుకు లేవాలి?

మళ్లీ విచారించాలని కంపెనీకి ఘాటుగానే రాశాను. వాళ్ల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి దేవసహాయానికి ముందే చెప్పాను.

"రేపు ఆయన అడిగితే చేతగాదని చెప్పన్నా."

"ఆ మాట నా నోట రాదబ్బా," అన్నాడు. "చేతగానోడు అంటే ఏందో నీకు తెలవదా? ఈ మిల్లులో నన్ను ఎవురన్నా అట్ట అన్నారా ఎప్పుడన్నా?"

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి ఆవరణంతా కలయజూసి, "లారీ ఏదండీ?" అన్నాడు.

"మిల్లే లారీ సార్. లోపలికి రండి," అన్నాను.

లోపల తాత్కాలికంగా పెట్టుకున్న డ్రైవరు, జారిపోయిన బెల్టును రెండు చేతులూ తలపైకెత్తి కర్రతో పుల్లీ మీదికి తోస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు చాలాసేపు చూశాడు. మెత్తని మనిషే. దేవసహాయం వైపు తిరిగి, "ఇది నువ్వు చెయ్యగలవా?" అని అడిగాడు.

చెరిగే ఆడవాళ్లు చేటలు ఆపారు. బస్తాలు మోసే హమాలీలు నిలబడిపోయారు. దేవసహాయం పోయి అతని చేతిలోని కర్ర అందుకున్నాడు. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. పళ్లు బిగించి ఇంకా లేపబోయాడు. కర్ర కింద పడింది. దాన్ని తీసుకోవడానికి వంగలేదు.

"చేతగాదు సార్," అన్నాడు.

ఆ మాటే నాకు కావాల్సింది. కేసు గెలిచామని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అయినా నాకు ఏడుపొచ్చింది, గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

డాక్టరు మళ్లీ పరీక్ష చేశాడు. ఈసారి పనేమిటో తెలుసుకుని చేశాడు కాబట్టి న్యాయంగానే రాశాడు. పరిహారం ఒప్పందం ఇలాంటి కేసులు చూసే ప్రభుత్వ కమిషనరు దగ్గర రిజిస్టరయింది. దేవసహాయం కావలిలో తవుడు, నూకల అంగడి పెట్టుకుని బాగానే బతికాడు. మా మిల్లు గేటు లోపలికి మాత్రం మళ్లీ రాలేదు.

ఉద్యోగం పేరు చూసి మనిషి పని తెలుసుకున్నామనుకోకూడదని ఆ కేసు నేర్పింది. అది చిన్న పాఠం. పోయిన శక్తికి చట్టం వెల కడుతుంది. పోయిందని నలుగురిలో ఒప్పుకోవడానికి ఏ చట్టమూ వెల కట్టలేదు. ఆ తర్వాత ఏ కేసులోనూ చేతగాదన్న మాట పనివాడి చేత అనిపించలేదు. అతను రోజూ ఏమేం చేసేవాడో డాక్టరుకు నేనే చెప్పేవాణ్ణి. అతన్ని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి.