పెద్దనాన్నల్ని తీసేసిన క్లెమెంట్

క్లెమెంట్‌కు ఉన్నది ఒకటే రోగం. కంటపడిన ప్రతిదాంట్లోనూ ఏదో ఒకటి తీసెయ్యమంటాడు. మేనకోడలి పెళ్లిపత్రికలో బంధువుల పేర్లన్నీ కొట్టేసి వధువు, వరుడు, భోజనాల వేళ మాత్రం మిగిల్చాడు. ఆ భోజనాల్లో అతని పక్కన ఒక్కరూ కూర్చోలేదు. ఇలాంటి మనిషి గనుల ఊరు ఆండర్సన్‌పేటలో వెబ్‌సైట్లు చేసి ఎలా బతుకుతాడో దేవుడికే తెలియాలి. అక్కడి జనం ఫ్లెక్సీలో అరచేయంత ఖాళీ కనబడితే ఒక మామ ఫోటో పెట్టనిదే నిద్రపోరు.

ఆ పేట పిల్లే అయిన ప్రిన్సీ వెబ్ పేజీ కూడా అలాంటిదే. కుట్టు క్లాసు తెరిచి, చూసినవాళ్లు పేరూ నంబరూ ఇచ్చి చేరతారని దాన్ని పెట్టింది. తెరవగానే చర్చి ఫాదర్, తర్వాత గని హెల్మెట్‌తో నాన్న ఆరోగ్యస్వామి, ఆ వెనక వయసు వరసలో పెద్దనాన్నలు. అందరికీ నమస్కారం పెట్టుకుంటూ దిగితే అడుగున కుట్టుమిషను, దాని కింద చేరేవాళ్లు నింపాల్సిన చాంతాడంత ప్రశ్నల పట్టిక. చూసేవాళ్లు బోలెడంత మంది, నంబరు ఇచ్చినవాళ్లు మాత్రం లేరు. ఈ నెలా ఎవరూ చేరకపోతే క్లాసుకు తీసుకున్న అద్దె గది ఖాళీ చేసి, తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు గార్మెంట్స్ ఫ్యాక్టరీ పనికి పోవాల్సిందే. అది తలచుకుంటేనే ఆమెకు దిగులు.

ప్రిన్సీ పిలిస్తే క్లెమెంట్ వచ్చి చూశాడు.

"ఫాదర్‌ను తీసెయ్."

"రిబ్బన్ కత్తిరించింది ఆయనే గదన్నా."

"పెద్దనాన్నల్నీ తీసెయ్. వాళ్లేమన్నా కుట్టు నేర్పిస్తారా?"

"ఇంగ నన్ను ఇంట్లో ఉండనిస్తారా?"

"క్లెమెంట్ తీసేసినాడని చెప్పమ్మా. నన్ను తిట్టేది వాళ్లకు అలవాటే."

తర్వాత ప్రశ్నల మీద పడ్డాడు. ఎంతవరకు చదివారు, భర్త ఏం చేస్తాడు, అన్నీ ఎగిరిపోయాయి. "అవి తెలీకుండా ఎట్ల చేర్చుకునేది?" అని ప్రిన్సీ ఒళ్లు మండి అడిగింది. అతను చెరుపుతూనే పోయాడు. పేజీలో మిగిలింది ఒక రవిక ఫోటో, 'మీ రవిక మీరే కుట్టుకోండి' అన్న మాట, పేరుకొక గడి, నంబరుకొక గడి, ఒక బటన్.

మరునాడే పెద్దనాన్నలు అతన్ని వీధిలో నిలబెట్టి కడిగేశారు. పెద్దాయన తిట్టిందే మళ్లీ తిడుతుంటే, "రెండోసారి అన్నది తీసెయ్ పెద్దాయనా" అన్నాడు. ప్రిన్సీని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

వారం తిరక్కుండానే చుట్టుపక్కల ఊళ్లు బేతమంగళ నుంచీ క్యాసంబళ్ళి నుంచీ నంబర్లు వచ్చాయి. ప్రిన్సీ అందరికీ ఫోన్ చేసింది. క్యాసంబళ్ళి చైత్ర నీళ్లు నమిలింది. "అక్కా, నాకు చదువు లేదు. మా ఆయన విడిచిపెట్టినాడు. అయినా రావచ్చునా?"

"రామ్మా," అంది ప్రిన్సీ. ఆ ప్రశ్నలు ఎవరిని గుమ్మం బయటే ఆపేశాయో అప్పుడు అర్థమై ఆమెకు సిగ్గేసింది.

క్లాసు మొదలైన రోజు గదిలో మిషన్లు చాలలేదు. ఖాళీ చేసే మాటే లేదు. చివరగా క్లెమెంట్ భార్య క్యాథరిన్ వచ్చి నిలబడింది.

"ఇన్నాళ్లూ యాడికి పోయినావు వదినా?"

"నేను ఇస్కూలు మొగమే చూల్లేదు గదమ్మా. యాడ చేరదామన్నా మొదట చదువే అడుగుతారు. ఇంగ వద్దులే అని వాపసు వచ్చేస్తా ఉంటి. మీ అన్న చూస్తానే ఉండె."

ప్రిన్సీ తన కుర్చీ ఆమెకిచ్చేసింది. "మొదట ఏం కుడతావు వదినా?"

"ఆయనకు షర్టు," అంది క్యాథరిన్, మిషను ముందు సర్దుకుని కూర్చుంటూ. "నాలుగు జేబులు పెడతా. ఒక్కటి తీసెయ్యమన్నా తీసేది లేదు."