అత్తమ్మ బస్కీలు

మా అత్తమ్మ మేకల దొడ్డిలో జారిపడింది ముసురు రోజుల్లో. కట్టు కట్టే ఆయన వచ్చి తడిమి చూసి, ఎముక విరగలేదు, నాలుగు రోజులు పడుకుంటే చాలన్నాడు. కట్టంగూరులోని మా చుట్టాలకు ఆ నాలుగు రోజులు చాలలేదు. వచ్చినవాళ్లంతా మంచం దిగొద్దని ఒట్టు పెట్టించుకుని, నేను వండింది తిని, చేయి కడుక్కుని వెళ్లేవారు. ఒకరు తాయెత్తులు కట్టేవాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చి ఆమె కాలికి కట్టించారు. అందరి ప్రేమ వల్లా దసరా నాటికి అత్తమ్మ కాళ్లు జొన్నచొప్పల్లా అయ్యాయి. నొప్పి పోయింది. లేవడం కూడా పోయింది.

పండుగకు మరిది వచ్చాడు. నల్లగొండలో ఒక దుకాణంలో మూటలు మోస్తూ, తెల్లవారుజామున తాలీంలో కసరత్తు చేసేవాడు. ఇంట్లో అతనికున్న పేరు పనికిమాలినవాడని. ఆ చెమటేదో చెల్కలో కారిస్తే నాలుగు గింజలన్నా పండేవని అత్తమ్మ ఎప్పుడూ అనేది.

అతను తల్లి పిక్కలు పట్టి చూసి నన్నడిగాడు.

"బొక్క మంచిగనే ఉన్నదంటిరి గద వదినా. మరెందుకు లేస్తలేదు?"

కాళ్లలో సత్తువ లేదంటోందని చెప్పాను.

"పండుకుంటే సత్తువ యాడికెళ్లొస్తది? వాడకుంటే కండ కరిగిపోతది" అన్నాడు.

మరునాడు తల్లిని నులకమంచం మీంచి ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టాడు. తన భుజం పట్టుకుని లేవమన్నాడు, మెల్లగా కూర్చోమన్నాడు, మళ్లీ లేవమన్నాడు. రెండోసారికే ఆమె తొడలు వణికాయి. నోరు మాత్రం వణకలేదు. కన్నందుకు తనకు ఇదా శాస్తి అని కొడుకును తిట్టిన తిట్లు పక్కవాడకు వినిపించాయి.

ఇక చూడాలి. మంచం పట్టిన మనిషికి గ్లాసెడు నీళ్లివ్వడానికి తీరిక దొరకని వాళ్లందరికీ, ఆమె బస్కీలు చూడటానికి తీరిక దొరికింది. కన్నతల్లిని పహిల్వానును చేస్తున్నాడని గోడ అవతలి నుంచి నవ్వారు. మా ఆయన కూడా తమ్ముడి మీద కోప్పడ్డాడు. ఆయన కోపం తల్లి కోసం కాదు, పరువు కోసం.

మరిది తన పని తాను చేసుకుపోయాడు. ఒకరోజు చేయిస్తే మరునాడు ఆపేవాడు. కండ పెరిగేది దానికి విశ్రాంతి ఇచ్చినప్పుడేనట. పూటపూటకూ పప్పో గుడ్డో పెట్టమని నాకు పని పెంచాడు. ముందు భుజం వదిలించాడు, తర్వాత గోడ వదిలించాడు, ఆ తర్వాత చేతికి నీళ్ల ముంత ఇచ్చి లేవమన్నాడు. సెలవు అయిపోయినా వెళ్లలేదు. దుకాణం వాళ్లు పనిలోంచి తీసేశారని ఎవరో కబురు తెచ్చారు. ఆ కబురు తల్లికి చెప్పొద్దని నాకు సైగ చేశాడు.

జొన్న కంకి పట్టేసరికి అత్తమ్మ కర్ర లేకుండా దొడ్డి దాకా నడిచింది. అంతకుముందు నుంచీ ఉన్న నడుంనొప్పి కూడా తగ్గిందని, రాత్రి నిద్ర పడుతోందని నాతో గుట్టుగా చెప్పింది. ఊళ్లో మాత్రం ఆ పేరు తాయెత్తు కట్టిన వాడికి వచ్చింది. కదలొద్దని ఒట్టు పెట్టించుకున్న చుట్టాలు, తమ మాట విని పడుకున్నందుకే లేచిందని తేల్చారు.

మరిది వేరే పని వెతుక్కుంటూ నల్లగొండ బస్సెక్కాడు. ఆ సాయంత్రం నేను జొన్నలు దంచి, నీళ్లు మోసి ఇంట్లోకి వచ్చేసరికి, అత్తమ్మ ఒక్కతే గోడవైపు తిరిగి లేస్తూ కూర్చుంటూ ఉంది. నన్ను చూసి సిగ్గుపడుతుందనుకున్నాను.

"ఏం జూస్తున్నవు?" అంది. "నడుము నొస్తాందని రోజు ఏడుస్తవు గద. రా, జర నా పక్కకొచ్చి నిలబడు."

పొద్దస్తమానం నేను చేసేది కసరత్తు కాకపోతే మరేమిటో అడుగుదామనుకున్నాను. చివరికి కొంగు బిగించి పక్కన నిలబడ్డాను.