ఎక్కడికని అడిగిన డబ్బా

పెళ్ళి భోజనాల్లో ఈమధ్య ఒక అలవాటు మొదలైంది. పప్పూ కూరా పులుసూ అన్నీ వరసగానే వస్తాయి. పెరుగు మాత్రం ఇంకా దూరంగా ఎక్కడో ఉండగానే ఐస్‌క్రీం కప్పు తెచ్చి ఆకు పక్కన పెట్టేసి పోతారు. ముందు అది తింటే పెరుగన్నం మీదికి మనసు పోదు. పెరుగు కోసం ఆగితే ఐస్‌క్రీం పాయసమైపోతుంది. వడ్డించే అతన్ని అడిగితే, "మళ్ళీ అయిపోతాయి సార్, ఉంచుకోండి" అని ఓదారుస్తాడు. నాకు ఐస్‌క్రీం మీద కోపం లేదు, పెరుగు మీదా లేదు. రావలసినప్పుడు రాకపోవడం మీదే.

ఈ మాట నేనెప్పుడు అన్నా మా ఇంట్లో ఒక నవ్వు వినిపిస్తుంది. వేళ తప్పిన సంగతుల గురించి మాట్లాడే అర్హత నాకు లేదని వాళ్ళ అభిప్రాయం. మెట్టుగూడ బస్‌స్టాపులో నేను పెట్టిన డబ్బాను వాళ్ళింకా మరిచిపోలేదు.

అప్పటికి రాష్ట్రం ఒకటే. మెట్టుగూడ రోడ్డు మధ్యన ఇప్పుడున్న మెట్రో స్తంభాలు లేవు, తలెత్తితే ఆకాశం కనిపించేది. నేను ఆర్ట్ కాలేజీలో పీజీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. బొమ్మలు వెయ్యడం నాకు రాదని తేలాక నన్ను కొత్తగా పెట్టిన విభాగంలోకి పంపారు. అందులో బొమ్మలు వెయ్యక్కర్లేదు. వైర్లు, సెన్సర్లు, స్పీకర్లు పెట్టి జనం తిరిగే చోట ఏదో ఒకటి చెయ్యాలి, జనం దానితో ఏదో ఒకటి చెయ్యాలి. దీన్ని ఇంటరాక్టివ్ ఆర్ట్ అంటారు. ఈ సంగతి మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికే కోర్సు సగం గడిచిపోయింది. ఫెయిలైతే ఇంకో ఏడాది చదవాలి. ఆ ఏడాది గురించి ఆయనకు ఏమని చెప్పాలో నా దగ్గర మాటలు మిగల్లేదు.

మా గైడు మొదటిరోజే ఒక్క ముక్కలో తేల్చేశారు.

"చూడు బాబూ, నీ వస్తువు మాట్లాడితే చాలదు. జనం తిరిగి మాట్లాడాలి. వాళ్ళు మాట్లాడకపోతే అది ఇంటరాక్టివ్ కాదు, రేడియో. రేడియోకి నేను మార్కులెయ్యను. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు అసలే వెయ్యడు."

నా ఆలోచన చిన్నది. బస్‌స్టాపు స్తంభానికి ఆకుపచ్చ రేకు డబ్బా ఒకటి తగిలిస్తాను. కింద మనిషి వచ్చి నిలబడగానే, షాపుల తలుపుల దగ్గర టింగుమనే సెన్సరు లాంటిది అతన్ని కనిపెడుతుంది. డబ్బా ఒక ప్రశ్న అడుగుతుంది. అతను చెప్పిన జవాబు రికార్డు చేసుకుని, అంతకుముందు ఎవరో చెప్పిన జవాబు అతనికి వినిపిస్తుంది. పక్కపక్కన నిలబడి కూడా పలకరించుకోని మనుషులు ఇలా మాట్లాడుకుంటారన్నమాట. కాన్సెప్ట్ నోట్‌లో దీన్ని "నగరపు అజ్ఞాత ప్రయాణాల శ్రవణ పటం" అని రాశాను. అంటే ఏమిటని గైడు అడగలేదు. అడుగుతారేమోనని నేను కూడా దాన్ని మళ్ళీ చదవలేదు.

బస్‌స్టాపులో నిలబడ్డ మనిషిని అడగాల్సిన ప్రశ్న ఏమిటన్న విషయంలో నాకు క్షణం కూడా సందేహం కలగలేదు. ఎక్కడికి వెళ్తున్నారు? ఇంతకన్నా సహజమైనది ఏముంటుంది?

అనుమతి కోసం ఒక ఆఫీసుకు వెళ్ళాను. బల్ల వెనక ఉన్నాయన, "ప్రకటనా?" అన్నాడు. కాదన్నాను.

"మరి ఏం అమ్ముతది?"

"ఏమీ అమ్మదు సార్. జనాన్ని పలకరిస్తుంది."

"పలకరించుడు మా సెక్షన్ కాదు," అన్నాడాయన.

దాన్నే అనుమతి కింద తీసుకున్నాను. కరెంటు పక్కనున్న ఇరానీ హోటలాయన ఇచ్చాడు. డబ్బాను నడిపే కంప్యూటరు ఆయన గల్లాపెట్టె కిందే ఉండేది.

డబ్బాలో గొంతు మా అమ్మది. మారేడ్‌పల్లిలో మా ఇల్లు, అమ్మానాన్నా ఇద్దరూ గుంటూరు వైపునుంచి వచ్చిన క్రైస్తవ టీచర్లు. ముప్పై ఏళ్ళుగా బడిపిల్లలను అదుపులో పెట్టిన గొంతు కావడంతో, ఆవిడ మామూలుగా "ఎక్కడికి వెళ్తున్నారు?" అన్నా, విన్నవాడికి హోంవర్కు గుర్తొస్తుంది. అది నాకు అప్పుడు తోచలేదు. స్పష్టంగా ఉందని సంతోషించాను.

మొదటిరోజు పొద్దున నేను హోటల్లో కిటికీ పక్కన కూర్చుని చాయ్ తాగుతూ చూస్తున్నాను. టిఫిన్ క్యారియర్‌తో ఒకాయన వచ్చి డబ్బా కింద నిలబడ్డాడు.

"ఎక్కడికి వెళ్తున్నారు?" అంది మా అమ్మ.

ఆయన అటూ ఇటూ చూశాడు. పైకి చూశాడు. క్యారియర్‌ను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. తర్వాత వచ్చిన దారినే ఇంటికి వెళ్ళిపోయాడు. నేను నా పుస్తకంలో "గాఢమైన స్పందన" అని రాసుకున్నాను.

ఆ తర్వాత వచ్చినావిడ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. అంచు చీర, చేతిలో పళ్ళ సంచి, తల్లో పూలు. రైల్వే క్వార్టర్సు వెనక సందులో ఉంటుందని తర్వాత తెలిసింది. కొడుక్కి పిల్లను చూడటానికి ఒక్కతే ముందుగా బయలుదేరింది.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఎవర్రా అది!" అందావిడ. స్టాపులో ఉన్నవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎవరు ఏడికని అడిగింది? మంచి పనికి పోతుంటే ఏడికంటరా? బుద్ధుందా?"

పైనుంచి టింగు శబ్దం వచ్చింది, అంటే జవాబు రికార్డయిందని అర్థం. ఇప్పుడు అంతకుముందు మనిషి జవాబు వినిపించాలి. ఆ మనిషి క్యారియరాయన. ఆయన ఏమీ చెప్పలేదు కాబట్టి డబ్బా కాసేపు మౌనం వినిపించింది. ఆవిడ ఆ మౌనానికి ఇంకా మండిపడి, హోటల్లోకి వచ్చి కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు తెప్పించుకుని తాగి, కాసేపు కళ్ళు మూసుకుని, ఎవరివైపూ చూడకుండా ఇంటికెళ్ళిపోయింది. సంబంధం ఆ రోజు చూడలేదు.

నాలుగు రోజుల్లో మార్పు కొట్టొచ్చినట్టు కనబడింది. స్టాపు ఖాళీ అయిపోయింది. జనమంతా అవతల మందుల షాపు ముందు ఎండలో నిలబడుతున్నారు. బస్సులు కూడా అక్కడే ఆగుతున్నాయి. ఒకరోజు నేను నా డబ్బా కింద ఒంటరిగా నిలబడి చెయ్యెత్తితే, కండక్టరు ఫుట్‌బోర్డు మీదనుంచే అరిచాడు.

"గీడ ఆగది! గా డబ్బ కాడ ఎవ్వరు ఎక్కుతలేరు!"

ప్రజల చలనాన్ని ప్రభావితం చెయ్యడం పబ్లిక్ ఆర్ట్ లక్ష్యాల్లో ఒకటని చదువుకున్నాను. అయినా అంత సంతోషం కలగలేదు. రికార్డింగులు గైడుకు వినిపించాను. కొన్ని తిట్లు, ఒక తుమ్ము, మిగతా అంతా రోడ్డు చప్పుడు.

"రేడియో కూడా కాదయ్యా ఇది," అన్నారాయన. "రేడియోని జనం వదిలి పారిపోరు."

ఎగ్జామినరు వచ్చి మార్కులేసే జ్యూరీ ఇంకో రెండు వారాల్లో ఉంది. నా క్లాస్‌మేటు ఒకడు మెట్టుగూడవాడే, వాళ్ళ నాన్న రైల్వేలో పని చేసేవాడు. వాణ్ణి పట్టుకున్నాను.

"అరే, మీవాళ్ళకి మాట్లాడే డబ్బా అంటే అంత భయమేంట్రా?"

వాడు నా మొహం వంక వింతగా చూశాడు.

"డబ్బా అంటే భయం గాదురా. బయలెల్లేటోన్ని ఏడికి అని అడుగుతరా ఎవరన్న? పోయే పని గాదు. ఇంటికొచ్చి జెరసేపు కూసొని, నీళ్ళు తాగి, మల్ల షురూ జెయ్యాలె. నీకు నిజంగ తెల్వదా?"

"తెలిస్తే ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు కావాల్నని పెట్టినవనుకున్న. జనాన్ని పరేషాన్ జేసుడే ఆర్టు అని మనోళ్ళు రోజు చెప్తనే ఉన్నరు గదా. నేనైతే మస్తు మెచ్చుకున్న."

నాకు నిజంగా తెలియదు. మా ఇంట్లో శకునాలు లేవు, ప్రార్థన ఉంది. ఎవరైనా గడప దాటబోతే నాన్న అందరినీ నిలబెట్టి ప్రార్థన చేసేవారు. అందులో ఎక్కడికి వెళ్తున్నదీ, ఏ బస్సులో, ఎక్కడ దిగి మారాలో, తిరిగి ఎప్పుడు వస్తారో దేవుడికి పూర్తిగా విన్నవించేవారు. ఒకసారి బస్సు నంబరు తప్పు చెప్పి, ఆమెన్ అన్నాక మళ్ళీ కళ్ళు మూసి సరిదిద్దారు కూడా. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఎక్కడికి అన్నది అడగకూడని ప్రశ్న అని ఎలా తెలుస్తుంది?

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపి ఆలోచించింది.

"పక్కింటావిడ రోజూ గేటు దగ్గర 'ఎందాకా, టీచరుగారూ?' అంటుంది. వింత మాట అనుకునేదాన్ని. దీని కోసమా అయితే?"

"నువ్వేం చెప్పేదానివి?"

"ఏముంది, స్కూలు పేరు, బస్సు నంబరు, ఏ క్లాసు ముందుందో, అన్నీ చెప్పేదాన్ని. పాపం ఓపిగ్గా వినేది."

"మళ్ళీ రికార్డు చేద్దామమ్మా. ఎందాకండీ అను."

"నేను అడిగిన దాంట్లో తప్పేముంది? శుభ్రమైన తెలుగు. మూఢనమ్మకాలకు లొంగిపోవాలా మనం?"

"లొంగకపోతే నేను ఫెయిలవుతాను."

అమ్మ సిద్ధాంతాన్ని పక్కన పెట్టి గొంతు సవరించుకుంది. మొదటిసారి అన్న ఎందాకండీలో ఇంకా బెత్తం వినిపించింది. చాలాసార్లు చెప్పించాక, పక్కింటావిడను తల్చుకుని చెప్పమంటే సరిగ్గా వచ్చింది.

డబ్బాలో మాట మార్చిన రోజు కూడా నేను కిటికీ పక్కనే ఉన్నాను. జనం ఇంకా మందుల షాపు ముందే ఉన్నారు. వాన పడింది. షాపువాడు వాళ్ళను పక్కకు జరగమన్నాడు. గతిలేక నలుగురు స్టాపు కిందికి వచ్చారు.

"ఎందాకండీ?"

ఒక పెద్దాయన తలెత్తి, "గీడిదాంకనే అమ్మా," అన్నాడు.

అంతే, మంచుగడ్డ కరిగింది. వారం తిరిగేసరికి స్టాపు నిండిపోయింది, బస్సులు తిరిగొచ్చాయి. అంచు చీర ఆవిడ కూడా వచ్చింది. మొదట దూరంగా నిలబడి విని, తర్వాత దగ్గరికి వచ్చి డబ్బాను కింది నుంచి పైదాకా చూసి, "ఇప్పుడు మనిషి లెక్క అడుగుతున్నది," అంది. ఆ తర్వాత రోజూ వచ్చేది. బస్సెక్కే పని లేకపోయినా వచ్చి మోకాళ్ళ నొప్పులు, కరెంటు కోతలు, కోడలు దొరకని సంగతీ చెప్పుకుని వెళ్ళేది. ముందు మనిషి జవాబు వినిపిస్తే దానికీ జవాబు చెప్పేది. గైడు విని మొదటిసారి నవ్వారు.

ఒక్క చిక్కు. జనం అన్నీ చెబుతున్నారు, వెళ్ళే చోటు తప్ప. అందరిదీ ఒకటే జవాబు, ఇక్కడిదాకే. ఊళ్ళోనే కాప్రా వెళ్ళేవాడూ ఇక్కడిదాకే, కాశీ వెళ్ళేవాడూ ఇక్కడిదాకే. నా శ్రవణ పటంలో ఒకే ఒక్క ఊరుంది.

జ్యూరీ రోజున ఎగ్జామినరు పొద్దున్నే వచ్చారు. వేరే రాష్ట్రంలో చాలాకాలం పాఠాలు చెప్పిన తెలుగాయన. ఖద్దరు కుర్తా, మెడలో కళ్ళజోడు. ఆయనా, గైడూ, నేనూ స్టాపు పక్కన నిలబడ్డాం. ముగ్గురు నలుగురు వచ్చి డబ్బాతో మాట్లాడి బస్సెక్కి పోయారు. ఆయన చెవులు రిక్కించి విన్నారు.

"మాట్లాడుతున్నారు, బాగుంది," అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "కానీ అడిగినదానికి జవాబు రావడం లేదే. ఎక్కడికో ఎవరూ చెప్పట్లేదు. జవాబు రాని ప్రశ్నను ఇంటరాక్షన్ అని ఎలా అంటాం?"

గైడు నా వైపు చూశారు. నేను డబ్బా వైపు చూశాను.

"ఇక్కడ అలా చెప్పరు సార్, అదే పద్ధతి," అన్నాను.

"చెప్పరో, నీ డబ్బా అడగలేకపోతోందో తెలుసుకోవాలి కదా. అది తేలితే మార్కులు ఇప్పుడే వేసేస్తాను."

సరిగ్గా అప్పుడే ఆవిడ వచ్చింది. కొత్త చీర, తల్లో పూలు, పళ్ళ సంచి. ఈసారి వెంట కొడుకు కూడా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి.

"ఎందాకండీ?" అంది డబ్బా.

"గీడిదాంకనే బిడ్డా. జెర మంచి పని మీద పోతున్నం," అందావిడ నవ్వుతూ.

ఎగ్జామినరు నాకేసి చూసి, "చూశావా, మళ్ళీ అదే," అని ముందుకు కదిలారు. నేను "సార్, వద్దు సార్," అన్నాను గానీ, విద్యార్థి అన్న మాట కాబట్టి గట్టిగా రాలేదు. ఆయన ఎంతో మర్యాదగా రెండు చేతులూ జోడించారు.

"అమ్మా, నమస్కారం. ఎక్కడికి వెళ్తున్నారు?"

కొడుకు తల దించుకున్నాడు. గైడు కళ్ళు మూసుకున్నారు. ఆవిడ పళ్ళ సంచి మెల్లగా బెంచీ మీద పెట్టి, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"డబ్బకు సుత చెప్పంగనే తెలివొచ్చింది. నీకెప్పుడొస్తది సారూ?"